వెండి ధర గ్రాముకా, పది గ్రాములకా?

(సంస్థ వార్షిక సమావేశంలో వెబ్‌సైట్ వాలంటీర్ల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మా వంతు వచ్చిన ప్రతిసారీ పెద్దలు ఒకే ప్రశ్న అడుగుతారు: "ఈ ఏడాది కొత్తగా ఏం తయారు చేశారు?" మొదటి ఏడాది విరాళాల ఫారం చూపించాం. ఆ తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తు, రక్తదాతల జాబితా చూపించాం. రెండేళ్ల కిందట జకాత్ లెక్క కట్టే క్యాలిక్యులేటర్ చూపిస్తే మీరందరూ మెచ్చుకున్నారు. ఈ ఏడాది మా దగ్గర చూపించడానికి కొత్తది ఏమీ లేదు. ఎనిమిది నెలలుగా ఆదివారాలు కూర్చుని మేము చేసిన పని ఒక్కటే: పాతవాటిని ఎలా వాడాలో ఇతర డెవలపర్ల కోసం రాసిపెట్టడం. మీరు కొనిచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లూ ఈ పనికే వాడాం. రాతపని కోసం ఎనిమిది నెలలా అని మీకు అనిపించవచ్చు. మొదట్లో మాకూ అలాగే అనిపించింది. ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పి, మీ సొమ్ముకు లెక్క అప్పజెబుతాం.

మన సంస్థకు ఒక ఫ్రీజర్ బాక్స్ ఉంది. గల్ఫ్ నుంచి కొడుకు వచ్చేదాకా జనాజా ఆపాల్సి వచ్చిన ఇళ్లకు అది వెళుతుంది. దాని మీద దాత పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. మూత పక్కన ఇంకో కాగితం అంటించి ఉంటుంది, గమనించారో లేదో: "పెద్ద ప్లగ్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టవద్దు. ముందుగా ఆన్ చేసి చల్లబడనివ్వండి." ఆ కాగితం అంటించింది మన ఆటో నడిపే సోదరుడు. అర్ధరాత్రి దుఃఖంలో ఉన్న ఇంట్లోవాళ్లు ఎవరికి ఫోన్ చేసి అడుగుతారు? బాక్స్ తెచ్చినవాడు పక్కన లేకపోయినా అది పనిచేయాలి. మేము రాసింది కూడా అలాంటి కాగితమే. కాకపోతే కాస్త పొడుగ్గా ఉంటుంది.

మేము తయారు చేసేవాటిని వెబ్ కాంపొనెంట్లు అంటారు. బటన్, బొమ్మ, అక్షరాలు నింపే గడి, ఇలాంటి ముక్కలు బ్రౌజర్‌కు ముందే తెలుసు. వాటికి తోడు మనమే ఒక కొత్త ముక్క తయారు చేసి, పేరు పెట్టి, బ్రౌజర్‌కు నేర్పవచ్చు. బ్రౌజర్ సొంత ముక్కలతో కలగాపులగం కాకుండా ఆ పేరు మధ్యలో చిన్న గీత తప్పనిసరిగా ఉండాలని నియమం. మనదాని పేరు 'జకాత్-క్యాలిక్యులేటర్'. 2011లో అలెక్స్ రస్సెల్ అనే ఇంజనీరు ఒక సదస్సులో ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. ఫైర్‌ఫాక్స్ 2018లోనూ, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లోనూ దీన్ని అందిపుచ్చుకున్నాక ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ ఇది నడుస్తోంది. మనకు కావలసిన లాభం ఏమిటంటే, ఒకసారి చేసిన ముక్కను ఏ ఊరి మసీదు కమిటీ అయినా, ఏ మదర్సా అయినా తమ పేజీలో ఒక్క వరుస రాసి పెట్టుకోవచ్చు. మళ్లీ డబ్బు ఖర్చు చేయనక్కర్లేదు. మన దేగులు, శామియానాలు ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి వెళ్లినట్టే ఇవీ వెళతాయి. మేము కోరుకున్నదీ, మీరు డబ్బు ఇచ్చిందీ ఇందుకే.

దేగు ఎరువిచ్చినప్పుడు దానితోపాటు వంటమనిషి కూడా వెళతాడు. మా కాంపొనెంట్లు మాత్రం ఒంటరిగా వెళ్లాయి. నిరుటి రమజాన్‌లో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాం. కొందరికి తెలుసు. అందరికీ తెలియడం మంచిదని మా అభిప్రాయం.

పక్క జిల్లా కమిటీ తమ వెబ్‌సైట్‌లో మన జకాత్ క్యాలిక్యులేటర్ పెట్టుకుంది. పెట్టింది డిగ్రీ చదువుతున్న ఒక చెల్లెలు. రమజాన్ పదకొండో రోజా నాడు మాకు ఫోన్ వచ్చింది. చేసినవారు ఒక రిటైర్డ్ మాస్టారు. ఏటా తన చేత్తో నోట్‌బుక్‌లో జకాత్ లెక్క రాసుకునే మనిషి. ఆ ఏడాది మనవడు వెబ్‌సైట్ చూపించాడట.

"బేటా, నా దగ్గర లక్షా అరవై వేలు ఉన్నాయి. నిరుడు ఇంతకు కాస్త తక్కువ ఉంటేనే జకాత్ ఇచ్చాను. ఈసారి మీ మెషీన్ నాకు జకాత్ వర్తించదంటోంది. నేనేమన్నా పేదవాణ్ణి అయిపోయానా?"

నవ్వుతూనే అడిగారు. మాకు మాత్రం చెమటలు పట్టాయి. ఆ పేజీ తెరిచి చూస్తే నిసాబ్ దాదాపు పది రెట్లు ఉంది. లెక్క మీకూ తెలిసిందే. మన ప్రాంతంలో వాడుకలో ఉన్న కొలత ప్రకారం బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. మా క్యాలిక్యులేటర్ వెండిని ఆధారంగా తీసుకుంటుంది. వెండి గ్రాము 80 రూపాయలు అనుకుంటే నిసాబ్ 48,988 రూపాయల 80 పైసలు. కాంపొనెంట్‌కు ఈ ధర అందించే చోటును ఆట్రిబ్యూట్ అంటారు. దానికి మేము పెట్టిన పేరు 'సిల్వర్-రేట్'. దాని గురించి మేము రాసిందల్లా మూడే మాటలు: "నేటి వెండి ధర." గ్రాముకా, పది గ్రాములకా, కిలోకా? ఎక్కడా రాయలేదు. మా బుర్రలో గ్రాము ఉంది. ఆ అమ్మాయి ఊళ్లో వెండి కొట్టుకు వెళ్లి ధర అడిగింది. కొట్లో పది గ్రాముల ధర చెప్పారు. అదే పెట్టింది. పై లెక్కలో 80కి బదులు 800 వేసి చూడండి, నిసాబ్ 4,89,888 రూపాయలు అవుతుంది.

ఆమె పొరపాటున కిలో ధర పెట్టి ఉంటే ఏ నాలుగున్నర కోట్లో ఐదు కోట్లో కనిపించి మొదటి గంటలోనే ఎవరో పట్టుకునేవారు. దాదాపు ఐదు లక్షలు అనేసరికి చూసినవాళ్లకు అది బంగారం నిసాబ్‌లా అనిపించింది. నమ్మదగ్గట్టు కనిపించే తప్పు కాబట్టి పది రోజులు ఎవరి కంటా పడలేదు. ఆ పది రోజులూ యాభై వేల నుంచి ఐదు లక్షల లోపు దాచుకున్న ప్రతి మనిషికీ ఆ పేజీ "మీపై జకాత్ లేదు" అని చెప్పింది. చిరుద్యోగులు, టీచర్లు, టైలరింగ్ చేసుకునే అక్కలు, చిట్టీ పాడుకున్నవాళ్లు, అంటే మన దాతల్లో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు. రెండు లక్షల మీద రెండున్నర శాతం అంటే ఐదు వేలు. ఒక వితంతువు ఇంటికి ఎన్నాళ్ల బియ్యమో మీకు మేము చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాం. ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం మేము మొదట చేసిన పని ఆ అమ్మాయిని కోప్పడటం. "చూసుకోవద్దా చెల్లీ" అన్నాం. ఆమె ఏమీ అనలేదు. మా సూచనల పేజీ తెరిచి, ఆ మూడు మాటలు ఫోటో తీసి మాకు పంపింది. ఆ ఫోటో కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఇఫ్తార్ తర్వాత ఆమెకూ, వాళ్ల నాన్నగారికీ ఫోన్ చేసి క్షమాపణ అడిగాం.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పెద్ద ఆయత్ అల్ బఖరహ్ సూరాలోని 282వది. అప్పు లావాదేవీలను స్పష్టంగా రాసిపెట్టుకోవడం గురించిన ఆయత్ అది. దాన్ని ఎన్నోసార్లు చదివినవాళ్లమే మేము. అయినా పక్కవాడి చేతికి ఒక సాధనం ఇచ్చేటప్పుడు మూడు మాటలతో సరిపెట్టాం.

తర్వాత ఏం చేశామో చెబుతాం. మొదట సూచనల పేజీలో "గ్రాము ధర మాత్రమే రాయాలి" అని ఎర్ర అక్షరాలతో పెట్టాలనుకున్నాం. అది చాలదని త్వరగానే తెలిసింది. డెవలపర్లు సూచనలు చదవరు. ఇది ఫిర్యాదు కాదు, మేమూ చదవం. పేజీలో ఉదాహరణ ఎక్కడుందో వెతికి, దాన్ని కాపీ చేసి, తమ పేజీలో అతికించి, నడుస్తోందో లేదో చూస్తారు. అందుకని ముందు ఆట్రిబ్యూట్ పేరే మార్చాం: 'సిల్వర్-రేట్-పర్-గ్రామ్'. ఇప్పుడు ఉదాహరణను కాపీ చేసినవాడి కళ్ల ముందే గ్రాము అన్న మాట ఉంటుంది. పేరు సరిగ్గా పెడితే సగం డాక్యుమెంటేషన్ అక్కడే అయిపోతుంది. చెడ్డ పేరు పెట్టి దాని కింద ఎంత వివరణ రాసినా గుంత పక్కన బోర్డు పెట్టినట్టే.

పేరు మారిస్తే ఇప్పటికే వాడుతున్నవాళ్ల పేజీలు ఆగిపోతాయి. అందుకని వెర్షన్ నంబరు 1 నుంచి 2కు మార్చాం. సాఫ్ట్‌వేర్‌లో మొదటి అంకె మారిందంటే "జాగ్రత్త, పాత పద్ధతిలో వాడితే నడవకపోవచ్చు" అని అర్థం. ఏం మారింది, ఎందుకు మారింది, పాతదాన్ని కొత్తదిగా ఎలా మార్చుకోవాలి అన్నది మార్పుల చిట్టాలో తేదీతో సహా రాశాం. ఎందుకు మార్చామన్న చోట జరిగిన తప్పును దాచకుండా రాశాం. ఇంకో మార్పు కూడా చేశాం. ఇప్పుడు ఫలితం కింద "ఈ లెక్కకు వాడిన వెండి ధర: గ్రాముకు ఇంత, ఫలానా తేదీది" అని తెర మీద కనిపిస్తుంది. ధర ఇవ్వకపోతే కాంపొనెంట్ లెక్క కట్టదు, ధర లేదని చెప్పి ఆగిపోతుంది. ఇక ఏ మాస్టారైనా తన నోట్‌బుక్‌తో సరిచూసుకోవచ్చు.

మిగతా కాంపొనెంట్ల సూచనలు తెరిచి చూస్తే అవీ ఇలాగే ఉన్నాయి. కాంపొనెంట్ లోపలి భాగం చుట్టూ షాడో డామ్ అనే ప్రహరీ ఉంటుంది. బయటి పేజీలోని స్టైల్ నియమాలు మామూలుగా ఆ గోడ దాటి లోపలి ముక్కలకు నేరుగా వర్తించవు. అది మంచికే, ఎవరి పేజీలో పెట్టినా లోపల చెదరదు. కానీ ఒక మదర్సావాళ్లు విరాళాల ఫారంలో అక్షరాలు పెద్దవి చేయాలని రెండు రోజులు తంటాలు పడ్డారు. అక్షరాల సైజు మార్చుకోవడానికి మేము ఒక గేటు పెట్టే ఉన్నాం. ఆ గేటు ఉందని ఎక్కడా రాయలేదు, అంతే. ఇప్పుడు ప్రతి కాంపొనెంట్‌కూ ఏ గేట్లు ఉన్నాయో, ఏ ఆట్రిబ్యూట్ ఇవ్వకపోతే ఏం జరుగుతుందో, పని పూర్తయ్యాక బయటి పేజీకి అది ఏ కబురు పంపుతుందో రాశాం. మౌస్ లేకుండా కీబోర్డుతో ఎలా నడుస్తుందో, చూపులేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని ఎలా చదువుతుందో, ఉర్దూలో పెడితే కుడి నుంచి ఎడమకు సరిగ్గా వస్తుందో లేదో కూడా రాశాం. ఉర్దూలో ఒక చోట అంకెలు ఇంకా తారుమారవుతున్నాయి. అదీ రాశాం.

కోడ్‌లో పద్ధతిగా వ్యాఖ్యలు రాస్తే వాటి నుంచి ఈ పట్టికలను దానంతట అదే తయారు చేసే పనిముట్లు ఉన్నాయి. కస్టమ్ ఎలిమెంట్స్ మ్యానిఫెస్ట్ అనే ఫైలు అలా తయారవుతుంది. మేమూ వాడుతున్నాం, చాలా శ్రమ తగ్గింది. కానీ ఆ పనిముట్టు మన 'సిల్వర్-రేట్' గురించి ఏం చెబుతుంది? "ఇది ఒక సంఖ్య" అని చెబుతుంది. మాకు తెలియక నష్టపోయిన సంగతి అది కాదు కదా. గ్రామా, కిలోనా అన్నది మనిషే రాయాలి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది "ఎందుకు" అన్న భాగానికి. క్యాలిక్యులేటర్‌లో మేము చాలా నిర్ణయాలు తీసుకున్నాం. వాటిలో కొన్ని కంప్యూటర్‌కు సంబంధించినవి కావు, ఫిఖ్‌హ్‌కు సంబంధించినవి. స్త్రీలు ఒంటి మీద ధరించే బంగారు నగలను మా లెక్క కలుపుతుంది. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలం, హనఫీ మజ్‌హబ్ ప్రకారం నగలపై జకాత్ ఉంది. కేరళలో ఎక్కువమంది షాఫయీలు. వారి మజ్‌హబ్‌లో వాడుకలో ఉన్న నగలకు మినహాయింపు ఉంది. రేపు కోళికోడ్‌లో ఒక సోదరుడు ఇదే కాంపొనెంట్ తీసుకుని ఏమీ తెలియకుండా తన మహల్లా పేజీలో పెడితే, అక్కడి అక్కచెల్లెళ్లకు వారి మజ్‌హబ్ అడగని జకాత్ చూపిస్తుంది. ఈసారి తప్పు అటు వైపు జరుగుతుంది. అందుకని నగలు కలపాలా వద్దా అన్నది ఒక ఆట్రిబ్యూట్ చేసి, ఏమీ చెప్పకపోతే కలుపుతుందనీ, అది ఏ మజ్‌హబ్‌ను అనుసరించిందో, మనం ఆలిమ్‌లను అడిగి తీసుకున్న నిర్ణయమనీ రాశాం. మీ దగ్గరి ఆలిమ్‌ను అడగకుండా ఈ భాగాన్ని వాడవద్దని కూడా రాశాం.

వ్యాపారులైన పెద్దలకు ఇంకొకటి గుర్తుండే ఉంటుంది. హిజ్రీ ఏడాది ప్రకారం జకాత్ రెండున్నర శాతం. మార్చి 31 లెక్కల ప్రకారం కడితే ఏడాది దాదాపు పదకొండు రోజులు ఎక్కువ కాబట్టి, ఆ మేరకు సరిచేసి 2.577 శాతంగా లెక్కించేవాళ్లున్నారు. మా క్యాలిక్యులేటర్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఒక డెవలపర్ ఆ 2.577 చూసి, ఎవరో తప్పుగా కొట్టారనుకుని 2.5గా దిద్దాడు. మంచి ఉద్దేశంతోనే దిద్దాడు. ఆ అంకె ఎందుకుందో పక్కన ఒక్క వాక్యం ఉంటే ఊరుకునేవాడు. ఇప్పుడు ఉంది.

రాసింది పనికొస్తుందో లేదో రాసినవాళ్లకు తెలియదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మన కాంపొనెంట్లు ఎప్పుడూ చూడని ఇద్దరు విద్యార్థులను పిలిచి, సూచనల పేజీ చేతికిచ్చి, ఒక ఖాళీ పేజీలో క్యాలిక్యులేటర్ పెట్టమన్నాం. మేము పక్కనే కూర్చున్నాం, కానీ నోరు విప్పకూడదని నియమం. ఎంత కష్టమో మీకు చెప్పలేం. మొదటిసారి జుహర్ తర్వాత మొదలుపెట్టినవాళ్లు అస్ర్ అజాన్ దాకా రెండో వరుస దగ్గరే ఆగిపోయారు. మాకు కళ్ల ముందు ఉన్నట్టు కనిపించే ఒక ఫైలు ఎక్కడ దొరుకుతుందో మేము రాయనే లేదు. వాళ్లు ఆగిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుని, ఆ రాత్రే తిరగరాశాం. ఇలా నాలుగు ఆదివారాలు, ప్రతిసారీ కొత్త ఇద్దరు. నాలుగోసారి వచ్చినవాళ్లు టీ చల్లారకముందే ముగించారు. పక్క జిల్లా చెల్లెలు ఇప్పుడు మా బృందంలోనే ఉంది. మేము రాసిన ప్రతి పేజీ ముందు ఆమె చదువుతుంది. "మీ బుర్రలో ఉన్నది కాగితం మీద లేదు" అన్నది ఆమె మాకు తరచూ చెప్పే మాట.

మనిషి పోయాక కూడా పుణ్యం ఆగకుండా చేరే వాటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటని మనమందరం విన్నదే. మా పని ఆ కోవలోకి వస్తుందని చెప్పుకునే ధైర్యం మాకు లేదు. నిరుడు మేము వదిలిపెట్టింది కూడా ఆగకుండా పనిచేసింది మరి, పది రోజుల పాటు.

దాతలను మేము అడిగేవి ఎక్కువ లేవు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో కొత్త కాంపొనెంట్ల పద్దుతోపాటు పాతవాటి సూచనలు సరిచూసే పద్దు విడిగా పెట్టమని కమిటీని కోరాం. పెద్ద మొత్తం కాదు, ప్రతి మూడు నెలలకొకసారి ఇద్దరు కొత్త విద్యార్థులను కూర్చోబెట్టే ఖర్చు, వాళ్ల దారి ఖర్చు. దయచేసి దాన్ని కొట్టివేయకండి. అలాగే రమజాన్‌కు వారం ముందు లెక్క తెలిసిన పెద్దలు నలుగురు వచ్చి, తమ నోట్‌బుక్ లెక్కతో క్యాలిక్యులేటర్‌ను సరిచూస్తే బాగుంటుంది. మాస్టారు వస్తానన్నారు.

చివరగా ఒక మనవి. ఎవరి ఆస్తి వివరాలూ మేము చూడకూడదని, క్యాలిక్యులేటర్‌లో మీరు కొట్టిన అంకెలు ఎక్కడా నిల్వ కాకుండా చేశాం. ఆ నిర్ణయం మంచిదే, ఇప్పటికీ మార్చం. కానీ దాని వల్లే ఆ పది రోజుల్లో ఎవరెవరు లెక్క చూసుకుని ఊరుకున్నారో మాకు తెలిసే దారి లేదు. జుమా రోజు మసీదుల్లో ప్రకటన చేయించాం, వాట్సాప్ గ్రూపుల్లో పంపాం. కొందరు మళ్లీ లెక్క కట్టుకుని ఇచ్చారు, అల్‌హమ్దులిల్లాహ్. ఇంకా ఎందరున్నారో అల్లాహ్‌కే ఎరుక. మీలో ఎవరైనా, లేదా పక్క జిల్లాలో మీ బంధువులెవరైనా నిరుటి రమజాన్ మొదటి పది రోజుల్లో ఆ పేజీలో లెక్క చూసుకుని ఉంటే, ఇవ్వాల్సిన జకాత్ ఇంకా వారి మీదే ఉండవచ్చు. బయట రిజిస్ట్రేషన్ బల్ల పక్కన మా చెల్లెలు కూర్చుని ఉంటుంది. ఆ పది రోజుల వెండి ధరలు రాసిన కాగితం ఆమె దగ్గర ఉంది. అన్నీ గ్రాము ధరలే.